ఎస్తేర్ ఖాతా, ఉమ పాస్‌వర్డ్

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, వేసుకోమని ఎస్తేర్ ఫోన్ వారం రోజులుగా అడుగుతూనే ఉంది. ఆదివారం పొద్దున, చర్చికి వెళ్లేలోపు అయిపోతుందిలే అనుకుని, చార్జర్ తగిలించి సరే నొక్కింది. వంటగదిలో ప్లగ్గు ఒక్కటే. కాసేపటికి చట్నీకి మిక్సీ పెట్టాల్సి వచ్చి చార్జర్ పీకేసింది. బ్యాటరీ అప్పటికే అడుగంటి ఉంది. చట్నీ మెత్తగా వచ్చింది గానీ, ఫోన్ మాత్రం కంపెనీ పేరు చూపిస్తూ అక్కడే ఆగిపోయింది. ఎంత నొక్కినా ముందుకూ పోదు, వెనక్కీ రాదు.

నాచారంలో ఎస్తేర్ భోజనం డబ్బాలు పంపుతుంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు, ఆఫీసులకు కలిపి ఇరవై ఆరు. రేపు ఎవరికి కావాలి, ఎవరికి కారం తగ్గించాలి, ఎవరు వంకాయ ముట్టరు, అన్నీ ఫోన్‌లోనే. ఒక్కరి నంబరూ నోటికి రాదు. భర్త జోసఫ్ నంబరు చెప్పమన్నా చివరి రెండంకెల దగ్గర తడబడుతుంది.

ప్రార్థన అవగానే మెయిన్ రోడ్డు మీదున్న దీప దుకాణానికి పరుగెత్తింది. ఫోన్ల రిపేరులో దీపకు ఆ చుట్టుపక్కల మంచి పేరుంది.

"గిదేంది ఆంటీ, అప్‌డేట్ నడుమల చార్జర్ దీసినవా?"

"మిక్సీ పెట్టిన బిడ్డా."

దీప నవ్వాపుకుంటూ ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపింది. "సాఫ్ట్‌వేర్ మళ్ల మొత్తం ఎక్కియ్యాలె. లోపలున్నదంత పోతది. నీ జీమెయిల్ ఖాతాల ఉన్నయి మాత్రం తిరిగొస్తయి. ఎక్కియ్యనా?"

"ఎక్కియ్యి. రేపు డబ్బాలు ఎవరికి పంపాల్నో ఏం సమజైతలేదు."

గంటకు ఫోన్ లేచింది. ఎస్తేర్ "స్తోత్రం" అనబోతుండగానే తెర మీద ఇంకో అడ్డంకి వచ్చింది. ఇంతకుముందు ఇందులో వాడిన ఖాతా, దాని పాస్‌వర్డ్ ఇస్తేనే తెరుచుకుంటానంటోంది.

"నాకేం తెలుసు? కొన్ననాడు ఉమ పెట్టిచ్చింది," అంది ఎస్తేర్.

"దొంగలు వాడుకోకుండ పెట్టిన తాళం ఇది. అడ్డదారిల తీసెటోళ్లు ఉంటరు, నేనైతే తియ్య. తీసినా నీ నంబర్లు రావు. ఆ ఉమ ఆంటీనే అడుగు పో."

ఎస్తేర్ ముఖం చిన్నబోయింది. ఉమ ఆరేళ్లపాటు పై పోర్షన్‌లో ఉంది. వాళ్లది భీమవరం దగ్గర ఊరు. వదినా అంటే వదినా అనుకుంటూ ఒకరింట్లో ఒకరు తినేవాళ్లు. రెండేళ్ల క్రితం ఎండాకాలంలో డాబా మీద ఎస్తేర్ ఆరేసిన దుప్పటి నీళ్లు కారి, ఉమ పెట్టిన గుమ్మడి వడియాలన్నీ పాడైపోయాయి. మాటా మాటా పెరిగింది. ఆ నెలలోనే ఉమ భర్త గోపాలరావు ఉప్పల్‌లో ఫ్లాట్ కొనడంతో వాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా పలుకు లేదు.

ఎస్తేర్ బస్సెక్కింది. ఉప్పల్‌లో మెట్రో స్టేషన్ వెనక సందులో రెండు అపార్ట్‌మెంట్లలో అడిగి, మూడోదాంట్లో ఇల్లు పట్టుకుంది. తలుపు తీసిన గోపాలరావు సంబరంగా, "ఉమా, ఎవరొచ్చారో చూడు!" అని కేకేశాడు.

ఉమ చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "రండి ఎస్తేర్ గారూ. కూర్చోండి."

ఆ "గారూ" ఎస్తేర్‌కు ముల్లులా తగిలింది. అయినా కూర్చుని, మిక్సీతో మొదలుపెట్టి జరిగిందంతా చెప్పింది. ఉమ ఆ ఫోన్ తీసుకుని ఖాతా పేరు, పాస్‌వర్డ్ కొట్టింది. వెంటనే ఉమ ఫోన్ టింగుమంది. లోపలికి వస్తున్నది మీరేనా అని అడుగుతోంది. ఉమ అవునని నొక్కింది.

"నీ ఫోన్‌కెందుకు వచ్చింది?" అంది ఎస్తేర్.

ఉమ తలొంచుకుంది. "అప్పుడు నీ పేరు మీద ఖాతా నా ఫోన్‌లోనే తెరిచాను. ఇప్పటికీ ఇందులోనే ఉంది. నువ్వు తీసే ఫొటోలన్నీ నాకూ వస్తుంటాయి."

"ఎన్ని దినాల సంది?"

"మొదటినుంచీ."

ఎస్తేర్ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. అడిగిన వాళ్లకు పంపడానికి తను రోజూ కూరల ఫొటోలు తీస్తుంది. జోసఫ్ మీసం తీసేసిన రోజు ఫొటో, కీసరలో చుట్టాల పెళ్లి ఫొటోలు, అన్నీ అందులోనే.

"నా మోకాలు ఎక్స్‌రే గూడ జూసినవా?"

"చూశాను. వచ్చి పలకరిద్దామని చెప్పులేసుకుని మెట్లు దిగాను కూడా. నీకెలా తెలిసిందని అడిగితే ఏం చెప్పను? మళ్లీ పైకొచ్చేశాను." ఉమ చీర చెంగు వేలికి చుట్టుకుంది. "ఖాతా తీసేద్దామంటే నీ ఫొటోలు పోతాయేమోనని భయమేసింది. పోనుపోను, పొద్దున్నే నువ్వేం వండావో చూడకపోతే తోచేది కాదు."

"నంబర్లు గూడ కనపడ్తయా?"

"కనపడతాయి. నా నంబరు పక్కన 'ఉమ ఎత్తొద్దు' అని రాసుకున్నావు."

ఎస్తేర్ కొంగుతో ముఖం కప్పుకుంది. లోపలి గదిలోంచి గోపాలరావు పగలబడి నవ్వడం వినిపించింది. ఉమకూ నవ్వాగలేదు. కొంగు చాటునుంచి ఎస్తేర్ కూడా నవ్వింది, కళ్లలో నీళ్లొచ్చేదాకా.

"తప్పు నాదే వదినా. ఆ దుప్పటి జర పిండి ఆరేయాల్సింది."

"వడియాలదేముంది, ఇంకో ఎండకు పెట్టుకునేదాన్ని. నేనే నోరు పారేసుకున్నాను. అది సరే వదినా, పోయిన వారం చేపల పులుసులో గరిటె పెట్టి తిప్పావు కదూ? ముక్కలన్నీ విరిగిపోయాయి."

"గది గూడ కనిపెట్టినవా!"

ఈలోగా ఫోన్‌లో నంబర్లు ఒక్కొక్కటే దిగసాగాయి. ఇరవై ఆరుగురూ వచ్చేశారు. చాయ్ తాగాక ఉమే పాస్‌వర్డ్ మార్పించింది. ఎస్తేర్ కొత్తది కొడుతుంటే మర్యాదగా గోడవైపు తిరిగి నిలబడి, ఆ తర్వాత తన ఫోన్‌లోంచి ఖాతా తీసేసింది.

సోమవారం పన్నెండింటికల్లా డబ్బాలన్నీ వెళ్లిపోయాయి. ఎస్తేర్ చేతులు కడుక్కుంటుండగా ఫోన్ మోగింది.

"వదినా, ఇవాళేం చేశావు? నాకిప్పుడేం కనిపించట్లేదు," అంది ఉమ.

"గోంగూర మటన్. ఫొటోల ఏం జూస్తవ్, వచ్చి తిను."

ఒంటిగంటన్నరకు ఉమ ఆటో దిగింది. గోపాలరావుకు పట్టుకెళ్లడానికి చేతిలో మూడు గిన్నెల క్యారియర్ కూడా ఉంది.