నూకరాజు నాలుగు తీగలు

నేను ఒక బాస్ గిటారుని. మామూలు గిటారుకి ఆరు తీగలుంటే నాకు నాలుగే, అవీ లావుపాటివి. పాట వినేవాళ్ళు గాయకుణ్ణి మెచ్చుకుంటారు, డ్రమ్ము కొట్టేవాణ్ణి చూసి తలాడిస్తారు. నన్నెవరూ పట్టించుకోరు. నేను ఆగిపోతే మాత్రం ఏదో పోయిందని వెతుక్కుంటారు. మనుషులకి కింద ఉన్నదాని విలువ అది జారినప్పుడే తెలుస్తుంది.

పుట్టింది జపాన్‌లో, ఓ కర్మాగారంలో. నన్ను కొన్నవాడు డెల్రాయ్ అనే జమైకా మనిషి. సరుకు ఓడలో వంటవాడు. వాళ్ళ ద్వీపంలో రెగే అనే సంగీతం పుట్టింది. నెమ్మదిగా నడుస్తుంది గానీ, పెద్దవాళ్ళ ముఖం మీదే నిజం చెప్పే అలవాటు దానికి ఉంది. ఇంజను చెడి ఆ ఓడ విశాఖ రేవులో మూడు నెలలు నిలిచిపోయింది. డెల్రాయ్ సాయంత్రాలు నన్ను ఒళ్ళో పెట్టుకుని డెక్కు మీద కూర్చునేవాడు. అక్కడే ఓడలకి తాళ్ళు కట్టే పని చేసే గరికిన నూకరాజు ఓ రోజు వచ్చి పక్కన కూర్చున్నాడు.

చాలాసేపు విని, తనకొచ్చిన రేవు ఇంగ్లీషులో చెప్పాడు: "వల లాగేటప్పుడు మావోళ్ళు ఓ మాట పాడి ఊపిరి తీసుకుంటారు. నువ్వు సరిగ్గా ఆ ఊపిరి దగ్గర వాయిస్తన్నావు."

డెల్రాయ్ అప్పటిదాకా అంత సులువుగా రెగేని ఎవరికీ వివరించలేకపోయాడు. ఆ మర్నాటి నుంచి నేర్పడం మొదలుపెట్టాడు. ఓడ కదిలే రోజున నన్నూ, నా శబ్దం పెంచే ఆంప్లిఫయర్ పెట్టెనీ నూకరాజు చేతిలో పెట్టేశాడు. "నా దగ్గరుంటే ఇది వంటింటి పొగ తాగుతూ పడి ఉంటుంది. నీ దగ్గర చెప్పాల్సిన మాటలున్నాయి," అన్నాడు.

నూకరాజు ఊరు కొమ్మరేవు. అంతా చేపల వేట మీద బతికేవాళ్ళు. అతని భార్య గంగులమ్మ తలమీద గంపతో ఊరూరా తిరిగి చేపలమ్మేది. నన్ను చూడగానే, "సేపలు తెమ్మంటే సెక్క తెచ్చినావేటి?" అంది. చాలా ఏళ్ళు ఆమె నన్ను ముట్టుకోలేదు. మూల నిలబెడితే చీపురుతో నా చుట్టూ ఊడ్చేది.

నూకరాజు పడవ బ్యాటరీకి నా ఆంప్లిఫయర్ తగిలించి పాడేవాడు. ఫ్యాక్టరీ నీళ్ళు కలిసి సముద్రం ఎందుకు ఎర్రబడుతోందని అడిగేవాడు. ఎన్నికలప్పుడు వేస్తామన్న రోడ్డు ఏ ఊరికి పోయిందని అడిగేవాడు. ఓడిపోయిన పార్టీవాళ్ళు అతన్ని ఎంతో ఆదరంగా సభలకి పిలిచేవారు. గెలిచాక పిలవడం మానేసేవారు. అప్పుడు అవతలివాళ్ళు పిలిచేవారు. అతను ఇద్దరి దగ్గరా అవే పాటలు పాడేవాడు.

అలా ఉండగా ఓ కంపెనీ కొమ్మరేవు ఒడ్డున సరుకు ఓడలు ఆగే జెట్టీ కడతానంటూ వచ్చింది. వాళ్ళకి కావలసింది ఆడవాళ్ళు చేపలెండబెట్టుకునే ఇసక మేట. బడి ఆవరణలో షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. మనిషికి మూడు నిమిషాలు. నూకరాజు పేరు పిలిస్తే నన్ను భుజాన వేసుకుని, బ్యాటరీ, ఆంప్లిఫయర్ పట్టుకుని వెళ్ళాడు.

"అర్జీ ఏది?" అన్నాడు అధికారి.

"ఇదేనండి," అని నూకరాజు తీగ మీటాడు.

"ఇసక నీదని కాయితం అంటాది, ఇసకలో అడుగు ఎవులిదో సూడు" అని పాట. రెండో చరణానికి మైకు ఆపేశారు. నేను బ్యాటరీ మీద ఉన్నాను కాబట్టి ఆగలేదు. కూర్చున్న నాలుగు వందల మంది పాట అందుకున్నారు. పోలీసులు వేదికెక్కారు, తోపులాటలో కుర్చీలు విరిగాయి, నూకరాజుని జీపెక్కించారు. నన్నూ ఎక్కించారు. కేసు కాగితాల్లో నా గురించి "ఇనుప తీగలు బిగించిన బరువైన కర్ర ఆయుధం" అని రాశారు. నా జీవితంలో నన్నంత శ్రద్ధగా వర్ణించినవాళ్ళు వేరే లేరు.

ఆ తర్వాత ఆరేళ్ళు స్టేషను వెనక గదిలో ఉన్నాను. ఒక పక్క చక్రం లేని సైకిలు, ఇంకో పక్క కత్తుల మూట. నూకరాజు బెయిలు మీద బయటికొచ్చాడనీ, చేపల తొట్టి బోర్లించి వాయించుకుంటూ పాడుతున్నాడనీ కానిస్టేబుళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. ఒక మధ్యాహ్నం అతన్నే ఆ గదికి తీసుకొచ్చారు.

"ఇకమీద సభల్లో పాడనని సంతకం పెట్టు. కేసు కొట్టేయిస్తాం, నీ గిటారు నువ్వు పట్టుకుపో," అన్నాడు ఎస్సై.

నూకరాజు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. తుప్పు పట్టిన తీగల్ని లుంగీ చెంగుతో తుడిచాడు.

"దీన్ని పట్టుకెళ్ళి పాడకుండా ఏటి సెయ్యనండి?" అని నన్ను సైకిలు పక్కనే ఆనించి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఒక సంతకమే కదా అనుకున్నాను. అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

చివరికి కోర్టు కేసు కొట్టేసింది. నా కోసం గంగులమ్మ ఒక్కతే వచ్చింది.

"యజమాని రావాలమ్మా," అన్నాడు స్టేషనులో కాగితాలు రాసే రైటరు.

"ఆయన రాలేడు బాబూ. మీటింగులో పాట పాడి కూకున్నోడు కూకున్నట్టే ఒరిగిపోనాడు. ఎనిమిది నెల్లయింది. నాను ఇల్లాలిని."

రైటరు రిజిస్టరు ముందుకి లాక్కున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, "దీన్నేం చేసుకుంటావమ్మా?"

"వాయిస్తాను."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

నూకరాజు పాటలకి డ్రమ్ము కొట్టిన ఒలిశెట్టి అప్పన్న కూడా వద్దన్నాడు. "ఈ వయసులో ఎందుకొదినా?"

"పాటలన్నీ నాకొచ్చు. ఏలు ఎక్కడెట్టాలో అది సెప్పు సాలు."

ఇరవై ఏళ్ళు వంటపని చేసుకుంటూ నన్ను తిడుతోందనుకున్నాను గానీ, వింటోందనుకోలేదు. చేపలు కోసి కోసి కాయలు కాసిన వేళ్ళు ఆమెవి. నా తీగలు ఆ వేళ్ళనేమీ చేయలేకపోయాయి. తప్పు పడితే మళ్ళీ మొదటికి వెళ్ళేది. నెల తిరిగేసరికి రెండు స్వరాలు వచ్చాయి. వానలు మొదలయ్యేసరికి ఓ పాట నిలబడింది.

జెట్టీ వ్యవహారం ఇన్నేళ్ళూ కోర్టులోనే ఆగి ఉంది. ఈలోగా మొదటి అభిప్రాయ సేకరణ సరిగా జరగలేదని, మళ్ళీ పెట్టమని కోర్టు చెప్పింది. అదే బడి, అదే షామియానా. గంగులమ్మ నన్ను తగిలించుకుని వేదికెక్కింది. వెనకాల నలభై మంది చేపలమ్మే ఆడవాళ్ళు. నూకరాజు పాట మొదటినుంచి చివరిదాకా పాడారు. నేను రెండుచోట్ల అపస్వరం పలికాను, ఎవరూ పట్టించుకోలేదు. మైకు ఎవరూ ఆపలేదు. పాటయ్యాక ఆమె అధికారితో, "ఇప్పుడు రాసుకోండి. మేం ఒప్పుకోం," అంది. ఆయన రాసుకున్నాడు.

జెట్టీ కొమ్మరేవుకి రాలేదు. ఇసక మేట మీద చేపలు ఎండుతున్నాయి. సముద్రంలోకి ఎర్రనీళ్ళు మాత్రం ఇంకా వస్తున్నాయి.

మొన్న పట్నంలోని మ్యూజియం నుంచి ఓ పెద్దమనిషి వచ్చాడు. నూకరాజు జ్ఞాపకార్థం నన్ను అద్దాల పెట్టెలో పెడతామన్నాడు. దుమ్ము పడదు, తుప్పు పట్టదు, పిల్లలు వచ్చి చూస్తారు. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆశపడలేదని చెప్పను.

గంగులమ్మ ఆయనకి టీ ఇచ్చింది. లోపలికెళ్ళి నూకరాజు ఫోటో తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకెళ్ళి పెట్టండి బాబూ. గిటారు పనిలో ఉంది," అంది.

ఆయన వెళ్ళాక నా మూడో తీగ బిగించి, నన్ను చేపల ఆటో ఎక్కించింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర పదింటికి మీటింగు.