దాపుడు బొగ్గు

కొండచరియ విరిగి గని నుంచి వచ్చే రైలుపట్టాల మీద పడ్డాక, ఆ ఊరి ఫ్యాక్టరీలకు ఒక్క మనిషి నోటి మాటే దిక్కయింది. ఆమెను అందరూ బొగ్గు మేడమ్ అనేవారు. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పని వినడానికి ఎంతో లేదు. పొద్దున్నే ఆఫీసుకు వచ్చి ఒక్కో ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, మీ దగ్గరున్న బొగ్గు ఇంకెన్ని రోజులొస్తుందని అడగాలి. చెప్పింది గోడకున్న నల్లబోర్డు మీద సుద్దతో రాయాలి. చుట్టుదారిన అప్పుడొకటీ ఇప్పుడొకటీ వచ్చే గూడ్సు బండి ఎవరి యార్డుకు వెళ్ళాలో సాయంత్రంలోగా తేల్చాలి. అంతే. ఆ తేల్చడంలో సగం ఊరి అన్నం ఉంది.

ఇక ఫోన్లో వినపడే అబద్ధాలు ఏకరువు పెట్టాలంటే పూట చాలదు. యార్డులో బొగ్గు మేడంత ఎత్తున ఉన్నా సరే, రేపటికి లేదు మేడమ్, మా కొంప మునిగింది అంటారు. సిమెంటు ఫ్యాక్టరీ ఆయన ఒంటికాలి మీద లేస్తాడు. ఇనుము కరిగించే చోటివాళ్ళు పైవాళ్ళకు చెప్తామని బెదిరిస్తారు. పేపరు మిల్లు మేనేజరైతే ఏకంగా ఏడుస్తాడు. ముక్కు చీదుకోవడం కూడా ఇవతలికి వినపడేలా ఏడుస్తాడు, ఏం మనిషో ఏమో.

వీళ్ళందరూ తక్కువ చెప్తారని ఆఫీసుకు తెలుసు. ఆఫీసుకు తెలుసని వాళ్ళకూ తెలుసు. అందుకని ఎవరేం చెప్పినా దానికి సగం కలిపి బోర్డు మీద రాయడం అక్కడ ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. దాన్ని దాపుడు కట్టడం అనేవారు. ఎక్కడో టార్పాలిన్ కింద దాచింది ఉండకపోదు, దాన్నీ లెక్కలోకి తెచ్చుకోవాలి కదా అని. ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే ఈ విద్య నేర్పేవారు. తప్పంటే తప్పే, కానీ ఆ తప్పు మీదే ఆఫీసు ఇన్నాళ్ళూ సజావుగా నడిచింది.

ఆ ఫ్యాక్టరీల్లో సీసాలు తయారుచేసే గాజు ఫ్యాక్టరీ ఒకటి. అక్కడి బట్టీ మేస్త్రీ ఆమెకు స్వయానా బావ, తోడబుట్టిన అక్క భర్త. రెండిళ్ళకీ మధ్య ఒక్క గోడే అడ్డం. నాన్న పోయాక ఆమె చదువు ఆగిపోకుండా చూసింది ఆయనే. సైకిలు వెనక కూర్చోబెట్టుకుని పరీక్షకు తీసుకుపోయిందీ ఆయనే. నోరు తెరిస్తే వేళాకోళం. ఆమెకు బొగ్గు ఆఫీసులో ఉద్యోగం వచ్చినప్పుడు, ఇకమీదట మా గుమ్మంలో కాళ్ళు కడుక్కుని లోపలికి రా మరదలా, మీ అక్క గచ్చు తుడవలేక చస్తోంది అని వీధి వీధంతా నవ్వించాడు. ఆ మనిషి ఒక్క బట్టీ విషయంలోనే నవ్వేవాడు కాదు.

గాజు బట్టీ సంగతి వేరు మరి. మిగతా ఫ్యాక్టరీలు బొగ్గు అయిపోతే ఆగుతాయి, వస్తే మళ్ళీ మొదలవుతాయి. గాజు బట్టీని ఒకసారి వెలిగించాక ఏళ్ళ తరబడి ఆరనివ్వకూడదు. లోపల కరిగిన గాజు తొట్టి నిండా ఉంటుంది. వేడి పడిపోతే ఆ గాజంతా అక్కడికక్కడే గడ్డకట్టి, ఇటుకలు పగిలి, బట్టీ పనికిరాకుండా పోతుంది. దానికి ఒక్కటే ఉపాయం. బొగ్గు రాదని ముందే తెలిస్తే, వేడి ఉండగానే అడుగున ఉన్న కంత తెరిచి గాజంతా వదిలేసి, మెల్లగా చల్లార్చుకోవాలి. కొన్ని నెలలు పనుండదు గానీ బట్టీ దక్కుతుంది. యజమాని కొత్త బట్టీ కట్టించే రకం కాదు. ఎంగిలి చేత్తో కాకిని తోలడు. కాబట్టి బట్టీ పోయిందంటే దాన్ని నమ్ముకున్న ఆ వీధి వాళ్ళందరి నోట్లో మట్టి పడ్డట్టే.

పట్టాలు తెగిన కొత్తల్లో ఒక సాయంత్రం ఆమె అక్క వాళ్ళ వంటింటి గుమ్మంలో నిలబడి బావతో అంది.

"అందరూ నాకు అబద్ధాలే చెప్తున్నారు బావా. నువ్వొక్కడివైనా ఉన్నదున్నట్టు చెప్పు."

ఆయన వేళాకోళం ఆడలేదు. సరేనన్నాడు. ఇసుక షెడ్డు వెనక ఇన్నాళ్ళూ దాచిపెట్టిన కుప్ప ఒకటుందని, రేపటి నుంచి దాన్ని కూడా కలిపే చెప్తానని అన్నాడు. చెప్పాడు కూడా. ఆమె మొదట్లో ఆయన చెప్పింది చెప్పినట్టే బోర్డు మీద రాసింది. దాపుడు కట్టలేదు.

అది పై అధికారి కంట పడింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని బోర్డంతా చూసి, గాజు ఫ్యాక్టరీ దగ్గర ఆగి, మీ బావగారు దాచుకోరా అమ్మా అని నవ్వుతూ అడిగాడు. గదిలో ఉన్నవాళ్ళంతా తలలెత్తారు. అడిగింది అంతే, పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆమెకు ప్రాణం చచ్చిపోయినట్టయింది. సగం కలపకుండా తక్కువ చూపించి అయినవాళ్ళకు బొగ్గు తోలిస్తోందన్న మాట పడ్డాక ఆ ఆఫీసులో తలెత్తుకు తిరగడం ఎలాగ? మర్నాటి నుంచి బావ చెప్పినదానికీ సగం కలిపి రాసింది. మొదటి రోజు ఒకసారి రాసి, చెరిపి, మళ్ళీ రాసింది. ఆ తర్వాత చెరపలేదు. రోజూ ఆ అంకెనే చూస్తూ ఉంటే, బావ మాత్రం మనిషి కాదా, తన బట్టీ కోసం మూలనెక్కడో కాస్త పెట్టుకోకుండా ఉంటాడా అని కూడా అనిపించసాగింది.

ఒక మధ్యాహ్నం బావే ఫోన్ చేశాడు. గొంతులో ఎప్పుడూ ఉండే చిలిపితనం లేదు.

"నా దగ్గర నాలుగు రోజులకే ఉంది. షెడ్డు వెనకది కూడా ఊడ్చి చెప్తున్నా. బండి వస్తుందంటే బట్టీని నిలబెడతాను. రాదంటే రేపే గాజు వదిలేస్తాను. వస్తుందా, రాదా?"

ఆమె బోర్డు వంక చూసింది. గాజు ఫ్యాక్టరీ ఎదురుగా తన చేతిరాతలోనే ఆరు అని ఉంది. మర్నాడు వచ్చే బండి కోసం పేపరు మిల్లు మేనేజరు పొద్దుటి నుంచి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. దాని తర్వాతి బండి ఇవాళ్టికి ఐదో రోజున వస్తుంది. ఇది వాళ్ళకిచ్చి అది బావకిస్తే ఎవరూ వేలెత్తి చూపరు, ఇంకా ఒక రోజు మిగులు కూడా. ఇంత చక్కగా కుదిరినందుకు ఆమెకు లోలోపల సంతోషం వేసింది కూడాను. దాన్ని ఏమనాలి!

"వస్తుంది బావా. గాజు వదలొద్దు" అంది.

"అయితే నీ మాట మీద ఉంటున్నా" అని ఆయన పెట్టేశాడు.

నాలుగో రోజు సాయంత్రం మళ్ళీ ఫోన్ మోగింది. అయిపోయింది మరదలా, యార్డు ఊడ్చేశాం అన్నాడు. ఇంకెక్కడా లేదా అని ఆమె అడిగింది. ఇంకెక్కడ ఉంటుంది, నీకు చెప్పాను కదా అన్నాడు. ఆమె ఫోన్ అలాగే వదిలేసి పేపరు మిల్లుకు పరుగెత్తింది, కనీసం రెండు లారీలు అప్పుగా అడుగుదామని. అక్కడ కొత్తగా దిగిన కుప్ప పక్కనే, నల్ల టార్పాలిన్ల కింద పాతది ఇంకొకటి ఉంది. కొత్తదానికంటే పెద్దది. మేనేజరు ఈసారి ఏడవలేదు. పైనుంచి కాగితం లేకుండా బొగ్గు కదపడం కుదరదు మేడమ్ అని మర్యాదగా చెప్పి, టీ తాగుతారా అని అడిగాడు. పై అధికారి ఇంటికి వెళ్ళిపోయాడు, ఎంతసేపు చేసినా ఫోన్ ఎత్తలేదు. ఆమె ఆ మిల్లు గేటు దగ్గరే నిలబడి ఏడ్చింది.

బండి వస్తుందన్న ఆశతో గాజు ఫ్యాక్టరీలో సీసాలు సర్దే చెక్కపెట్టెలు తగలేశారు. బల్లలు తగలేశారు. ఆఫీసు గది తలుపులు పీకి తగలేశారు. బట్టీకి అవి ఏ మూలకి? గాజు పాకంలా చిక్కబడుతోందని చూసి బావ కంత తెరిపించాడు. కాస్త కారి ఆగిపోయింది. ఇనుప గునపాలతో పొడిచారు. ఒక గునపం అందులోనే ఇరుక్కుపోయింది, మరి రాలేదు. తెల్లవారేసరికి లోపల ఇటుకలు పగులుతున్న చప్పుడు గేటు దాకా వినపడింది. ఆమె చెప్పిన బండి లెక్క ప్రకారం ఆ ఐదో రోజునే వచ్చి, యార్డు నిండా మంచి బొగ్గు పోసి వెళ్ళింది.

ఆమె వెళ్ళేటప్పటికి పనివాళ్ళూ వాళ్ళ ఆడవాళ్ళూ గేటు దగ్గర గుమిగూడి ఉన్నారు. అక్క కూడా ఉంది. బావ గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. రెండు చేతులకూ గుడ్డలు చుట్టి ఉన్నాయి. యజమాని మెట్టు మీద నిలబడి, తప్పంతా మీ మేస్త్రీదేనని చెప్తున్నాడు. మరదలి దగ్గర గొప్ప కోసం ఉన్నదానికంటే ఎక్కువ చెప్పాడట, అందుకే ఆఫీసువాళ్ళు బొగ్గు పంపలేదట. జనం బావ వైపు తిరిగారు. ఆయన నోరు విప్పలేదు. నిజం చెప్తే ఎవరి కొంప మునుగుతుందో ఆయనకు తెలుసు.

ఆమె జనంలోంచి ముందుకొచ్చింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది.

"ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేనే నమ్మలేదు. దానికి సగం కలిపి రాశాను. ఆయన గాజు వదిలేస్తానంటే వద్దన్నదీ నేనే."

తిడతారనుకుంది, మీదికొస్తారనుకుంది. పడటానికి సిద్ధపడే వచ్చింది. కానీ అక్క ఒక్కసారి ఆమె వంక చూసి తల తిప్పుకుంది. యజమాని మెల్లగా లోపలికి జారుకున్నాడు. బట్టీ దగ్గర అందరికంటే పెద్దవాడు, గొట్టంతో గాజు ఊది ఊది బుగ్గలు సంచుల్లా వేలాడే ముసలాయన, ఆమెను దాటుకుని వెళ్ళి బావ ఎదుట గొంతుక్కూర్చున్నాడు. ఆయనకు కోపం కూడా లేదు. నిజంగా అర్థంకాకే అడిగాడు.

"అందరూ తక్కువే చెప్తారని నీకు తెలుసుగదయ్యా. వాళ్ళు సగం కలుపుకుంటారనీ తెలుసు. నువ్వూ రెండు రోజులకే ఉందని ఉంటే బండి మనకే వచ్చేదిగా. ఇంతమంది బతుకు చేతిలో పెట్టుకుని నిజం ఎందుకు చెప్పావు?"

గేటు దగ్గరున్న వాళ్ళంతా ఆ జవాబు కోసం ఆయన వైపు చూశారు. బావ గుడ్డలు చుట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని ముసలాయన వంక చూశాడు.

"తెలుసు" అన్నాడు. "చెప్తోంది మా మరదలికి గదా అనుకున్నాను."