పళ్లెంలో గుంట నీళ్లు

"కాళ్లెత్తండి! ఒక్కొక్కరూ కాళ్లెత్తండి!"

తోళ్ల కంపెనీ మేస్త్రీ సున్నం గుంట గట్టు మీద నిలబడి కేకేశాడు. గుంటలో మోకాళ్ల దాకా తెల్లటి నీళ్లు. అందులో పచ్చి తోళ్లు వేసి, బొచ్చు ఊడేదాకా ఆడా మగా కాళ్లతో తొక్కుతారు. పొద్దున దిగితే సాయంత్రం గంట కొట్టేదాకా అదే పని. ఆ కాళ్లు ఎలా ఉన్నాయని ఏనాడూ ఎవరూ చూసిన పాపాన పోలేదు. అలాంటిది ఇవాళ మేస్త్రీ గట్టు మీద వంగి, సంతలో పశువుల పళ్లు చూసినట్టు ఒక్కో పాదాన్నీ తిప్పి తిప్పి చూస్తున్నాడు.

సంగతేమిటంటే, యజమాని ఎన్నికల్లో నిలబడ్డాడు. నిలబడగానే ఆయనకి దేవుడు గుర్తొచ్చాడు. దేవుడికి ఆయన గుర్తున్నాడో లేదో తెలీదు. ప్రభువు సిలువకెక్కే ముందు రాత్రి శిష్యుల పాదాలు కడిగాడు కదా, దాని గుర్తుగా జరిగే గురువారం ఆరాధనలో తాను కూడా పన్నెండు మంది కూలీల పాదాలు కడుగుతానన్నాడు. పాస్టరు స్తోత్రం అన్నాడు. కెమెరాలవాళ్లు సరే అన్నారు. కూలీలని మాత్రం ఎవరూ అడగలేదు.

వరసలో ఒక అత్తా కోడలూ ఉన్నారు. మేస్త్రీ ముందు కోడలి పాదం చూశాడు. మడమ పగిలి ఉంది, వేళ్ల సందుల్లో సున్నం తినేసిన పుండ్లు. "పర్లేదు, మానిపోతాయి" అని ఆమెని పక్కన నిలబెట్టాడు. ఆమె వెనకే అత్త. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఆ గుంట తొక్కుతున్నవాళ్లే. అత్త కాలెత్తగానే మేస్త్రీ ముక్కు మూసుకున్నాడు. చిటికెన వేలు ఎప్పుడో పోయింది. మిగిలిన పాదం ఉబ్బి నల్లబడి ఉంది.

"ఛీ, ఇదేం కాలే? దీన్ని టీవీలో చూపిస్తే ఉన్న ఓట్లు కూడా పోతాయి. వెళ్లిపో, రేపట్నుంచి పనికి రాకు."

"ఈ గుంటలోనే కదయ్యా ఇలా అయింది?"

"గుంటకేం రోగం? నీ రక్తం చెడిందని కంపెనీ డాక్టరు ఎప్పుడో చెప్పాడు. రక్తం చెడ్డవాళ్లకి పుండ్లు పడవా మరి?"

ఆ డాక్టరు అందరికీ అదే చెప్పేవాడు. గుంటలో దిగినవాళ్లందరిదీ చెడ్డ రక్తమే. ఫ్యాను కింద కూర్చున్నవాళ్ల రక్తం మాత్రం బంగారం. బూట్లు కావాలని ఎప్పుడు అడిగినా ఈ మాటతోనే నోరు మూయించేవారు. జనం కూడా నమ్మారు. కోడలూ నమ్మింది. తన ఒంట్లోనే ఏదో పాపం ఉందనుకుని రోజూ మోకాళ్ల మీద ప్రార్థన చేసేది.

అత్త కుంటుకుంటూ గేటు దాటింది. ఎవరూ నోరెత్తలేదు. కోడలూ ఎత్తలేదు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఇక తనొక్కతే దిక్కు.

ఏరిన పన్నెండు మందినీ మళ్లీ గుంటలో దించలేదు. ఆరాధన రోజు దాకా ఎండు తోళ్లు కట్టలు కట్టే షెడ్డులో కూర్చోబెట్టారు. మెత్తని చెప్పులిచ్చారు. రాసుకోవడానికి లేపనం ఇచ్చారు. ప్రభువు దుమ్ము కొట్టుకున్న కాళ్లు కడిగాడు. ఈయనగారికి మాత్రం ముందే కడిగి ఆరబెట్టిన కాళ్లు కావాలి! పాస్టరు షెడ్డుకొచ్చి, కుర్చీలో ఎలా కూర్చోవాలో, కళ్లు ఎప్పుడు తుడుచుకోవాలో కూడా నేర్పించి పోయాడు.

ఆరాధన ముందు రోజు సాయంత్రం అత్త మంచం మీద కూర్చుని కోడలి పాదం ఒళ్లోకి లాక్కుంది. మడమ నొక్కి చూసింది. వేళ్ల సందులు విడదీసి చూసింది. పుండ్లు మూసుకుపోయి కొత్త చర్మం వచ్చింది.

"నొప్పుందా?"

"లేదత్తా. లేపనం రాసుకున్నాగా."

"ఆ లేపనం నేనెన్ని డబ్బాలు రాయలేదూ? తక్కినవాళ్లవీ మానాయా?"

"అందరివీ మానాయి."

అత్త తన నల్లబడ్డ పాదం వైపు చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మరి మీ పన్నెండు మంది రక్తం ఒక్కసారే ఎలా బాగుపడిందే?"

కోడలు పాదం వెనక్కి లాక్కుని తనే తిప్పి చూసుకుంది. ఆ వెంటనే ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ దేవుణ్ణి క్షమించమని అడిగింది దేనికి? ఆ యజమాని గుంటకా?

పొద్దుగూకకముందే గుంట జనమంతా చేతి పంపు దగ్గర పోగయ్యారు. కోడలు పంపు దిమ్మ మీద కాలు పెట్టింది. పక్కన ఇంకో నలుగురు మానిన కాళ్లు పెట్టారు. జనం ఆ కాళ్లనీ తమ కాళ్లనీ మార్చి మార్చి చూసుకున్నారు.

"అయితే డాక్టరు అబద్ధం చెప్పాడా?"

"డాక్టరు కాదు, వాడి జీతం చెప్పించింది."

"గేటు దగ్గరికెళ్లి అడుగుదాం పదండి!"

"ఎన్నిసార్లు అడగలేదు? విన్నదెవరు? గేటు!"

"రేపు ఆరాధనలోనే అడుగుదాం" అంది కోడలు.

"తప్పమ్మా" అన్నాడు ప్రార్థన తాత. మంచినీళ్లు తాగినా కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పే మనిషాయన. "మందిరంలో గొడవ పాపం."

"శిష్యుడైన పేతురు కాళ్లివ్వనని వెనక్కి లాక్కున్నాడు కదా తాతా, అతనికి తగిలిందా పాపం?"

"అది ప్రభువు మీద ప్రేమతో."

"మాకూ మా కాళ్ల మీద ప్రేమే!" అని ఎవరో అన్నారు. అందరూ గొల్లుమన్నారు.

"నవ్వుతారేం? పనిలోంచి తీసేస్తే?" అని ఒకావిడ కసిరింది.

"అత్త ఏ గొడవ చేసిందని తీసేశారు?" అంది కోడలు.

ప్రార్థన తాత తన పాదాలు చూసుకున్నాడు. చివరికి అన్నాడు. "ఆ రాత్రి ప్రభువు పళ్లెం పట్టుకుని కాళ్లు కడిగాడు. తెల్లారేసరికి ఆయనకి సిలువ శిక్ష వేసిన గవర్నరు నీళ్లు తెప్పించుకుని, నాకేం సంబంధం లేదని జనం ముందు చేతులు కడుక్కున్నాడు. మనవాడు పట్టుకున్నది ఎవరి పళ్లెమో తేలాల్సిందే."

"తేల్చేద్దాం. నీళ్లు మనమే తీసుకెళ్దాం" అంది కోడలు.

గురువారం మందిరం కిటకిటలాడింది. ముందు వరసలో పన్నెండు కుర్చీలు, వాటి చుట్టూ కెమెరాలు. యజమాని తెల్లబట్టల్లో, నడుముకి తువ్వాలు కట్టుకుని దిగాడు. మొహం నిండా వినయం. దాన్ని కూడా ఇస్త్రీ చేయించుకొచ్చినట్టుంది. పాస్టరు ఆయన కాలరుకి చిన్న మైకు తగిలించాడు.

"నేను మీ యజమానిని కాను, మీ సేవకుణ్ణి" అన్నాడు. బయట వీధిలో కట్టిన స్పీకర్లు కూడా సేవకుణ్ణి, సేవకుణ్ణి అన్నాయి.

ఆయన మొదటి కుర్చీ ముందు మోకరించగానే కోడలు లేచి నిలబడింది. పన్నెండు మందీ లేచారు. వెనక బెంచీల్లోంచి కాళ్లు పుండ్లైన గుంట కూలీలు పన్నెండు మంది కుంటుకుంటూ వచ్చి ఆ కుర్చీల్లో కూర్చున్నారు. మొదటి కుర్చీలో అత్త. యజమాని మొహంలో రంగు మారింది. కానీ కెమెరాలున్నాయిగా, నవ్వు సర్దుకుని "ఇలా ఇవ్వు తల్లీ పాదం" అన్నాడు.

కోడలు పళ్లెంలో ఉన్న మంచినీళ్లు పక్కన బకెట్లో గుమ్మరించింది. తను వెంట తెచ్చిన డబ్బా వంచి తెల్లటి నీళ్లు పోసింది. గుప్పుమని కుళ్లు తోళ్ల కంపు.

"ఏంటమ్మా ఇది?"

"మన గుంట నీళ్లే సార్. మా కాళ్లు రోజూ ఉండేది వీటిలోనే. వీటితోనే కడగండి."

యజమాని పాస్టరు వంక చూశాడు. పాస్టరు కెమెరాల వంక చూశాడు. కోడలు పళ్లెం ముందుకు జరిపింది. ఒక్క చుక్క చిందింది, ఆయన వేలి మీద పడిందో లేదో, ఎగిరి వెనక్కి పడ్డాడు.

"తియ్యి, తియ్యవే! సున్నం నీళ్లవి! చేతులు కాలిపోతాయి!"

మందిరమంతా ఆ మాట మోగింది. వీధి వీధంతా మోగింది.

"మరి కాళ్లు కాలవా సార్?" అంది అత్త.

అంతే. బెంచీలు కదిలిపోయాయి. "చెప్పు! కాలవా? చెప్పు!" అని అన్ని వైపుల నుంచీ అరుపులు. యజమానికి అవేవీ చెవికెక్కలేదు. సబ్బు, సబ్బు అని కేకలేస్తూ, బకెట్లోని మంచినీళ్లతో అందరి ముందూ చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటున్నాడు. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి.

"తేలింది!" అని ప్రార్థన తాత బెంచీ ఎక్కి అరిచాడు. "గవర్నరు పళ్లెమే!"

పోలీసులొచ్చి కోడల్ని పట్టుకుపోయారు. ఆరాధన చెడగొట్టిందట. ఫిర్యాదు చేసింది పాస్టరే. ప్రభువు తరఫున కాదు, కొత్త మందిరానికి పైకప్పు వేయిస్తానన్న దాత తరఫున.

తెల్లారింది. స్టేషన్ గదిలో గోడకానుకుని కూర్చున్న కోడలికి కంపెనీ గంట వినపడింది. రోజూ పొద్దున ఒక్కసారే మోగేది, ఇవాళ ఆగి ఆగి మళ్లీ మళ్లీ మోగుతోంది. అందరూ దిగిపోయి ఉంటారు, తన చోట ఇంకెవరినో దింపి ఉంటారు అనుకుంది. అంతలో బయట అడుగుల చప్పుడు. ఊచలు పట్టుకుని లేచింది.

స్టేషన్ ముందు గుంట జనం. కంపెనీ నుంచే తిన్నగా వచ్చారు. ముందు అత్త, తాత భుజం పట్టుకుని నిలబడి ఉంది.

"గంట కొడుతుంటే పనికి పోకుండా ఇక్కడేం పని మీకు?" అని ఎస్సై గద్దించాడు.

"చేతులు కాలే నీళ్లని మీ సారే చెప్పాడు బాబూ" అంది అత్త. "ముందు ఆయన్ని దిగమనండి. లేదా అందరికీ బూట్లిచ్చి, మా పిల్లని వదిలి, అప్పుడు పిలవమనండి."

"సారుని దిగమను!" అని ఒక గొంతు లేచింది. ఆ వెంట ఎన్ని లేచాయో. "దిగమను! దిగమను!"

గంట మళ్లీ మోగింది. ఒక్కరూ కదల్లేదు. కోడలు ఊచల మధ్య నుంచి వాళ్ల కాళ్ల వైపు చూసింది. ఈ వేళకి సున్నంలో తడిసి తెల్లబడాల్సిన కాళ్లు. అన్నీ పొడిగా ఉన్నాయి.