సబ్బుపెట్టెలో సర్వర్

మా ఆయన ఆఫీసు ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే పక్క సీటు మనిషిని పిలుస్తాడు. అటువంటి మనిషి ఒకరోజు అరచేతిలో ఇమిడే పచ్చటి అట్టముక్కలాంటిది ఒకటి తెచ్చి, ఇదే కంప్యూటర్, ఇకనుంచి మన ఇంటికి సొంత సర్వర్ అన్నాడు. దానికి డబ్బా రాలేదు. స్నానాలగదిలోంచి సబ్బుపెట్టె పట్టుకెళ్ళి, గాలి ఆడేలా మూతకి కన్నాలు పొడిచి, దాన్ని అందులో పడుకోబెట్టాడు. సబ్బు ఆ రోజునుంచీ కిటికీ గట్టుమీద నానుతోంది.

"సర్వరంటే హోటల్లో టీ తెచ్చేవాడు కదరా," అన్నారు మా అత్తగారు.

"ఇదీ అంతేనమ్మా. అడిగింది తెచ్చి ముందు పెడుతుంది. పాటలు, సినిమాలు, మన ఫోటోలు, ఏది కావాలంటే అది."

హోటల్ సర్వర్ మనం అడిగింది మర్చిపోయినా, పక్క టేబుల్ వాళ్ళదైనా తెచ్చి పెడతాడు. ఇది అదీ తేలేదు. అంతకుముందు మేం టీవీ చూడాలంటే ఒక బటన్ నొక్కేవాళ్ళం. ఇప్పుడు మా ఆయన ఇంట్లో ఉండాలి, ఆయన మనసు బాగుండాలి, సబ్బుపెట్టె వేడెక్కకుండా ఉండాలి. అందులో గోరంత ఫ్యాను ఒకటి గదంతా రొద పెట్టేది. పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. రోజంతా వచ్చినవాళ్ళని కనపడుతోందా అండీ, ఇప్పుడు కనపడుతోందా అని అడగడమే నా పని. అలిసిపోయి ఇంటికొస్తే, టీవీ వెనక దూరిన మా ఆయన నన్ను అదే ప్రశ్న అడిగేవాడు. కనపడటం లేదంటే, సరిగ్గా చూడు అనేవాడు. ఆ మాట నేను షాపులో ఒక్కసారి అన్నానంటే మర్నాడు పనిలో ఉండను.

ఇంట్లో ఈ సర్వర్‌ని నమ్మిన మనిషి ఒక్కరే, మా అత్తగారు. నమ్మడానికి ఆవిడకో కారణం ఉంది.

అత్తగారు పెళ్ళికి ముందు టెలిఫోన్ ఆఫీసులో పనిచేశారు. అక్కడి ఉద్యోగులు ఏటా ఒక నాటకం వేసేవారట. ఒక ఏడు ఆవిడకి ఇంటి యజమానురాలి వేషం ఇచ్చారు. అద్దెకున్నవాళ్ళందరినీ గడగడలాడించే గయ్యాళి వేషం. ఆ నాటకాన్ని ఎవరో కెమెరాతో తీసి ఆవిడకో వీడియో క్యాసెట్ ఇచ్చారు. దాన్ని ఆడించే యంత్రం ఆవిడ కాపురంలో ఎన్నడూ లేదు కాబట్టి, అత్తగారు తన నటన తానే ఒక్కసారీ చూసుకోలేదు.

తోడికోడలు మాత్రం, అంటే మా పెద్దత్తగారు, ఆ సంగతి ఎత్తినప్పుడల్లా నవ్వేవారు. "నువ్వా, వేషమా? తెర లాగే పని ఇచ్చుంటారు," అనేవారు. పెళ్ళయిన కొత్తలో అన్న మాట ఆవిడ జుట్టంతా నెరిసినా మారలేదు. చుట్టాల మధ్య అత్తగారి పేరు 'తెర' అయి కూర్చుంది. తెర వచ్చిందా, తెర భోంచేసిందా అనేవారు. అత్తగారు నోట్లో నాలుక లేనట్టు ఊరుకునేవారు. కానీ ఆ మాట విన్నరోజు ఆవిడ సరిగ్గా తినరని నాకు తెలుసు.

మా ఆయన ఆ క్యాసెట్‌ని ఎక్కడో ఇచ్చి సర్వర్‌లోకి ఎక్కించాడు. అది వినగానే అత్తగారు ఫోన్ తీసి తోడికోడల్ని ఆదివారం భోజనానికి పిలిచారు. "నాటకం వేసి చూపిస్తాను అక్కయ్యా, తప్పకుండా రా," అన్నారు. ఆవిడ గొంతు అంత గట్టిగా పలకడం నేను వినడం అదే మొదటిసారి.

శుక్రవారం సాయంత్రం అత్తగారు వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తున్నారు. నేను మధ్యగదిలో బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. ముందుగదిలో మా ఆయన, పెద్దమ్మ వస్తోంది కదా, మన సర్వర్ సత్తా చూపించాలని ఏదో సముద్రం అడుగున తీసిన బ్రహ్మాండమైన సినిమా దింపబోతే, జాగా చాలటం లేదని గొణుక్కుంటున్నాడు. కాసేపటికి అక్కడినుంచే కేక వేశాడు.

"అమ్మా, నీ నాటకం తియ్యనా?"

"తియ్యి నాయనా. ఎన్నిసార్లు అడగాలి నిన్ను?"

"సరే, తీసేస్తున్నా."

నాకూ వినపడింది. ఆదివారానికి సిద్ధంగా బయటికి తీసి పెడుతున్నాడని సంతోషించాను కూడా. మన భాషలో ఫోటో తీసినా తియ్యడమే, పెట్టెలోంచి చీర తీసినా తియ్యడమే, గోడమీంచి మేకు పీకినా తియ్యడమే. కొడుకు జాగా కోసం పీకెయ్యమంటావా అని అడిగాడు. తల్లి అలమరలోంచి బయట పెట్టమని చెప్పింది. ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారు.

ఆదివారం పొద్దున్న ఒకసారి వేసి చూద్దామంటే టీవీలో చేపలు తప్ప ఏమీ లేవు.

"నాటకం ఏదండీ?" అన్నాను.

"తీసేశాగా. అమ్మే తియ్యమంది."

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని కింద పెట్టి మరీ అడిగాను, ఇంకో కాపీ ఉందా అని. బ్యాకప్ పెట్టానన్నాడు. అమ్మయ్య అనుకున్నాను. అయితే ఆ బ్యాకప్ ఎలాంటిదంటే, ఇక్కడ ఏముంటే అక్కడ అచ్చం అదే ఉంటుందట. ఇక్కడ పోతే రాత్రికి రాత్రి అక్కడా పోతుందట. అలా పోయేలా తనే అమర్చానని చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం కూడా వినపడింది. మరి క్యాసెట్? సర్వర్ ఉండగా ఆ చెత్త ఎందుకని పారేశాడు. పోయిన దాన్ని వెతికి పట్టే ఉపాయాలుంటాయి కదా అంటే, ఆ జాగాలోకే ఈ చేపల్ని దింపాడట. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది.

నా నోటికి ఎంత వస్తే అంత అన్నాను. ఎప్పుడు వచ్చారో, అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని, తల సగం దువ్వుకుని ఉన్నారు.

"మళ్ళీ రాదా?" అన్నారు.

"ఏదో ప్రోగ్రాం ఉందంటమ్మా, దాంతో ప్రయత్నిస్తే..."

"వస్తుందా రాదా?"

"రాదమ్మా."

ఆవిడ లోపలికెళ్ళి మిగతా సగం తల దువ్వుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

పెద్దత్తగారు భోజనం వేళకి ముందే వచ్చి, సోఫా మధ్యలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఏదీ, వెయ్యండి మరి. మా తెర నటన చూద్దాం."

మా ఆయన రిమోట్ తిప్పుతూ, అది, జాగా, తియ్యడం అంటూ నీళ్ళు నమిలాడు. సగం వినేసరికే పెద్దత్తగారికి సంగతి అర్థమైంది. ఆవిడ ఒక్క దెబ్బకి ఇద్దర్నీ కొట్టారు.

"వీడి చేతికా ఇచ్చావు? చిన్నప్పుడు మా రేడియో బాగుచేస్తానని విప్పి, గుప్పెడు స్క్రూలు మిగిల్చాడు. అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. తల్లి వస్తువు ఒక్కటి దాచలేకపోయాడని మనవాళ్ళందరికీ చెప్తానుండు. అసలు ఉంటే కదా పోవడానికి అనుకో."

మా ఆయన ముఖం చూడలేకపోయాను. అంతసేపూ నేనూ అదే తిట్టు తిట్టాను, కానీ నా మొగుణ్ణి నేను తిట్టడం వేరు. జరిగింది జరిగినట్టు చెప్పేద్దామని నోరు తెరిచాను. అత్తగారు నా కాలు గట్టిగా తొక్కారు.

"వాణ్ణేమీ అనకు అక్కయ్యా," అని ఆవిడ నవ్వారు. "నేనే తీసెయ్యమన్నాను. మొన్న ఒక్కదాన్నే కూర్చుని చూసుకున్నాను. సిగ్గేసిందనుకో. సగం మాటలు మింగేశాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు నాకు. పక్కవాడు మాట్లాడుతుంటే జనంలోకి చూస్తున్నాను. నువ్వు మొదట్నుంచీ అంటూనే ఉన్నావు, నేనే ఒప్పుకోలేదు. నాకు తెర లాగడమే ఎక్కువ." చెబుతూ చెబుతూ చెంపమీద చిన్నగా కొట్టుకున్నారు. చెవులు కూడా ఎర్రబడ్డాయి.

పెద్దత్తగారి ముఖం విప్పారింది. "పోనీలే, ఇప్పటికైనా ఒప్పుకున్నావు," అని లేచి భోజనానికి నడిచారు. తృప్తిగా రెండుసార్లు వడ్డించుకున్నారు.

ఆవిడ వెళ్ళాక మా ఆయన నా దగ్గరికొచ్చి ఛాతీ విరుచుకున్నాడు. "విన్నావా? అమ్మే తీసెయ్యమందట. పొద్దున్నుంచీ నన్ను అనవసరంగా కాల్చుకుతిన్నావు." చేపల్ని చూడటానికి వెళ్ళిపోయాడు.

వంటింట్లో అత్తగారు గిన్నెలు తుడిచి బోర్లిస్తున్నారు. నేను పక్కన నిలబడి, కోపం ఆపుకోలేక అడిగాను.

"ఎందుకత్తయ్యా అలా అన్నారు? ఇంక బతికున్నన్నాళ్ళూ ఆవిడ మిమ్మల్ని వదలరు."

ఆవిడ చేతిలో గిన్నె తుడవడం ఆపలేదు.

"ఆవిడ నమ్మిందా?"

"నమ్మారు."

"వాడు?"

"ఆయనా నమ్మారు."

"నువ్వు?"

నిజం ఎదురుగా పెట్టుకుని కూడా, ఆవిడ చెంపమీద కొట్టుకున్నప్పుడు, ఒక్క క్షణం నేనూ నమ్మాను. అదే చెప్పాను.

అత్తగారు గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, "అయితే బాగానే చేశానన్నమాట," అన్నారు.