బొమ్మల మీద ఈగ

సిరాబుడ్డి గీసిన బొమ్మలను అందరికీ చూపించే పని డాక్టరు తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు. డాక్టరంటే నిజం డాక్టరు కాదు. కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో కూచుని, వచ్చినవాళ్ళ కళ్ళు చూసి నంబరు రాసిచ్చే ఉద్యోగి. తెల్లకోటు వేసుకుంటాడని దుకాణంలో వాళ్ళు ఆ పేరు తగిలించారు, అతనూ వద్దనలేదు. సిరాబుడ్డి అతని చిన్ననాటి స్నేహితుడు. గది బయటే బల్ల దగ్గర కూచుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. కాస్త తీరిక దొరికితే చాలు, అద్దాలొచ్చే చిన్న కాగితపు కవర్ల మీద సిరాకలంతో పిచ్చిగీతలు మొదలెడతాడు. ఎంత రుద్ది కడిగినా వేళ్ళ నలుపు పోదు, అందుకే ఆ పేరు.

గొడుగేసుకుని వానకి భయపడే ఏనుగు, దువ్వెన పోగొట్టుకున్న సింహం, పొట్టమీద టీకప్పు పెట్టుకుని కునుకు తీసే పెద్దమనిషి. ఏది గీసినా తెచ్చి డాక్టరు చేతిలో పెట్టి, "చూడరా" అనేవాడు. డాక్టరు చూసి, పగలబడి నవ్వి, దాన్ని భోజనాల గది తలుపుకి అంటించేవాడు. ఫోటో తీసి దుకాణం గ్రూపులో పెట్టేవాడు. ఎవరైనా మెచ్చుకుంటే తానే గీసినంత సంబరం. స్నేహితుడి గొప్పలో సగం వాటా తనదేనని అతని లెక్క, ఆ లెక్క ఎవరూ అడగలేదు.

ఈమధ్య బొమ్మల తీరు మారింది. ఏ బొమ్మ చూసినా నడిమధ్యలో లావుపాటి ఈగ ఒకటి వాలి ఉంటోంది. పైగా ఏదో ఒక ముక్క గీయకుండా వదిలేస్తున్నాడు. పిల్లికి ఒక చెవి లేదు. ఒంటెకి మూపురం సగమే ఉంది.

మొదట అనుమానం పుట్టింది కౌంటరు దగ్గరుండే అక్కకి.

"ఈ జిరాఫీ నేనే కదూ? పొడుగున్నానని వెక్కిరింపా? ఆ ఈగ ఎవరో కూడా నాకు తెలుసులే" అంది డాక్టరుకేసి ఓరగా చూస్తూ. "ప్రతిదానిమీదా వాలేవాళ్ళు ఈ దుకాణంలో ఇంకెవరున్నారు?"

డాక్టరు నవ్వేశాడు గానీ ఆ మాట ముల్లులా లోపల ఉండిపోయింది. ఆ రోజునుంచి భోజనాల గదిలో కబుర్లు తగ్గాయి. అన్నం తింటున్నవాళ్ళు తలుపుకేసి దొంగచూపులు చూస్తూ, ఈ గాడిద ఎవరు, ఆ ముంగిస ఎవరు అని గుసగుసలాడుకున్నారు.

అదే సమయంలో ఓనరమ్మ ఎప్పుడూ రానిది ఆ గదిలోకి వచ్చింది. తలుపు మీద నడుముకి తాళాలగుత్తి వేలాడేసుకున్న కోడిపెట్ట బొమ్మ ఉంది. దాని తలమీద కుచ్చు ఒకపక్క బొత్తిగా లేదు. పెద్ద జబ్బు చేసి లేచినప్పటినుంచి ఓనరమ్మకి ఒకపక్క జుట్టు పలచబడింది. ఆ సంగతి ఎవరూ పైకి అనరు. ఆవిడ చాలాసేపు ఆ కోడిని చూసి, తలమీద చెయ్యి వేసుకుంది.

"తెచ్చి అంటించింది నువ్వేగా. సాయంత్రంలోగా వాణ్ణి నా దగ్గరికొచ్చి, ఇలా ఎందుకు గీశాడో చెప్పమను. చెప్పలేకపోతే ఇంకో దుకాణం చూసుకోమను" అంది డాక్టరుతో. గొంతు పెంచలేదు. అందుకే అతనికి ఎక్కువ భయమేసింది.

ఆవిడ వెళ్ళాక డాక్టరు ఆ తలుపు ముందు ఒక్కడే నిలబడ్డాడు. తను నవ్వుతూ అంటించిన బొమ్మలే, ఇప్పుడు నవ్వు రావడంలేదు. మూలన తెల్లకోటు వేసుకున్న కొంగ కనిపించింది. కళ్ళజోడుంది. ముక్కు మీద ఈగ ఉంది. ముఖం సగమే ఉంది. అది ఎవరో చెప్పడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఓహో, నాకు మొహం లేదన్నమాట, అనుకున్నాడు. ఒక్కసారి అనుమానం తలకెక్కాక పాతవన్నీ వరుసగా గుర్తొచ్చాయి. ఈమధ్య సిరాబుడ్డి సాయంత్రం తనతో కలిసి బయల్దేరడం లేదు. మాట్లాడితే మొహం పక్కకి తిప్పుకుంటున్నాడు. అన్నిటికంటే ఘోరం, బల్ల దగ్గరనుంచి ఒక కన్ను మూసి మరీ తనకేసి చూస్తున్నాడు. స్నేహం కొద్దీ కన్ను కొడుతున్నాడనుకుని ఇన్నాళ్ళూ తనూ చెయ్యి ఊపాడు! డాక్టరుకి ఒళ్ళు మండిపోయింది.

విసవిసా బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఆ ఈగ ఎవర్రా?"

సిరాబుడ్డి తలెత్తాడు. ఒక్కక్షణం అతని మొహం వెలిగింది. "ఇప్పటికి అడిగావా? నువ్వే చెప్పు."

"నాతో పరాచికాలొద్దు. ఓనరమ్మ నిన్ను తీసేస్తానంటోంది. కోడికి కుచ్చు ఎందుకు గీయలేదు? నాకు మొహం ఎందుకు గీయలేదు? మేమంతా నీకు అంత లోకువయ్యామా?"

సిరాబుడ్డి మొహంలో వెలుగు పోయింది. "నీకు ఆ బొమ్మలు ఎందుకిచ్చాననుకున్నావురా?"

"నవ్వుకోడానికి. ఇంకెందుకు?"

"సరేలే, నవ్వుకో" అని సిరాబుడ్డి తలొంచుకుని ఫ్రేము చేతిలోకి తీసుకున్నాడు. స్క్రూ దొరక్క వేళ్ళతో బల్లంతా తడుముతున్నాడు. స్క్రూ అతని ఎదురుగానే ఉంది. అదీ నటనేననుకున్నాడు డాక్టరు.

వెనకగదిలో ఒక ముసలావిడ అప్పటికే కుర్చీలో ఎదురుచూస్తోంది. చూపు మధ్యలో మసకగా ఉందంటోంది. కోపం దిగమింగుకుని డాక్టరు ఆవిడ చేతికి గళ్ళ కాగితం, కలం ఇచ్చాడు. రోజూ చెప్పే పాఠమే అప్పజెప్పాడు.

"ఒక కన్ను మూసుకోండమ్మా. మధ్యలో నల్లచుక్క ఉంది కదా, దాన్నే చూడండి. చూపు కదపొద్దు. చుట్టూ ఎక్కడ కనబడకపోతే అక్కడ..."

డాక్టరు చూపు ఆ నల్లచుక్క మీద పడింది.

"అక్కడ ఏం చెయ్యాలి బాబూ?" అంది ముసలావిడ.

"ఒక్క నిమిషం కూచోండమ్మా" అంటూనే పరుగెత్తాడు. తలుపు మీది ఈగ బొమ్మలన్నీ పీకి, ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి అదిమాడు. ఈగ మీద ఈగ కూచుంది. కోడి కుచ్చు, పిల్లి చెవి, ఒంటె మూపురం, కొంగ మొహం, అన్ని బొమ్మల్లోనూ ఖాళీ ఒక్కచోటే ఉంది. ఈగకి కాస్త పైన, కుడివైపున. ముందు గీసినవాటిలో గోరంత. కొత్తవాటిలో పెద్దది.

ఎవరినీ వెక్కిరించలేదు వాడు. ఒక కన్ను మూసుకుని, ఈగమీద చూపు నిలిపి, తనకి కనిపించినంతవరకే గీశాడు.

డాక్టరు గబగబా ముసలావిడ పని పూర్తిచేసి పంపేశాడు. తర్వాత సిరాబుడ్డిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి అదే కుర్చీలో కూచోబెట్టాడు.

"ఏ కన్ను?"

"ఎడమది. కుడిదానితో నెట్టుకొస్తున్నా."

"నోటితో చెప్పి చావచ్చు కదరా!"

"చెబితే ఓనరమ్మకి చెప్పకుండా ఉండగలవా నువ్వు? కన్ను సరిగ్గా లేనివాణ్ణి ఆ బల్ల దగ్గర ఎవరు కూచోనిస్తారు? చెప్పడానికి నోరు రాలేదు. రోజూ జనం కళ్ళు చూసేవాడివి, చేతిలో పెడితే పట్టుకుంటావనుకున్నా."

డాక్టరుకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. "ఓనరమ్మతో నేనే మాట్లాడతాను. ముందు పెద్దాసుపత్రికి పోదాం, ఇవాళే" అని గళ్ళ కాగితం అతని చేతిలో పెట్టాడు. "కుడికన్ను మూసుకో. చుక్కనే చూడు."

సిరాబుడ్డి కన్ను మూసుకుని, కనబడనంత మేర చుట్టూ మెల్లగా గీత గీశాడు. కాగితంలో నాలుగోవంతు దాని లోపలికి పోయింది. గీసిన దాన్ని ఎప్పటిలాగే డాక్టరు చేతిలో పెట్టాడు.

"చూడరా" అన్నాడు. "ఇది మాత్రం తలుపుకి అంటించకు."