రెండో గొంతు

ఆమెను ధాన్యం కొట్టులో పడుకోబెట్టారు. బయటికన్నా అక్కడే చలి ఎక్కువ. శవానికి అదే మంచిది. మూత వెయ్యని శవపెట్టె చుట్టూ స్ప్రూస్ చెట్టు కొమ్మలు పరిచి కొవ్వొత్తి వెలిగించారు. విస్వల్దిస్ గడప మీద కూర్చుని బూట్ల మట్టిని పుల్లతో గీకుతున్నాడు. పెళ్లాం పోతే ఏడుపు వస్తుందంటారు. రాలేదు. ఆకలి వేసింది. బఠాణీలు, పందిమాంసం తిన్నాడు. రుచి కూడా తెలిసింది.

గొయ్యి తవ్వి వచ్చిన పక్కింటాళ్లకు ఊలు చేతితొడుగులు పంచి, తనూ ఒక జత తొడుక్కున్నాడు. అది ఆనవాయితీ. ఎవరి చావుకు వాళ్లే బతికుండగా అల్లి బట్టల పెట్టెలో దాచుకోవాలి. అతని పెళ్లాం వెనెరాండ కూడా దాచుకుంది. పక్కింటి ఏవాల్డ్ తన జత తొడుక్కుని వేళ్లు ఆడించి చూసుకున్నాడు.

"చాంగలీ అయితేనేం రా, అల్లిక మాత్రం మన సేలియాదే."

దౌగవ నదికి ఇవతల సేలియా, అవతల లత్‌గలె. అక్కడివాళ్లను ఇవతలివాళ్లు చాంగలీలంటారు. నలుగురిలో అంటే నవ్వు, ఒంటరిగా అంటే తన్నులాట.

"మా అమ్మ నేర్పింది," అన్నాడు విస్వల్దిస్.

"మీ అమ్మా? ఆవిడ ఏనాడన్నా దాన్ని పేరు పెట్టి పిలిచిందేంట్రా?"

పిలవలేదు. ఇప్పుడు ఆ అమ్మ పక్కనే గొయ్యి తవ్వి ఉంది.

అమ్మ పోయినప్పుడు పాస్టరు నాలుగు మాటలు చదివి, మూడు పిడికెళ్ల మట్టి వేసి కారెక్కాడు. ఇవతలి లూథరన్ల చావులన్నీ అంతే, గుట్టుగా అయిపోతాయి. ఆ రోజు ఇంటికి వస్తూ వెనెరాండ అంది: "ఇదేం సాగనంపుడయ్యా? కుక్కను పాతిపెట్టినా ఇంతకంటే ఎక్కువసేపు నిలవడతరు. నేను పోతే మా వాళ్లను పిలిచి పాడించు." విస్వల్దిస్ సరేలే అన్నాడు. చేతిలో గ్లాసు ఉంది. గ్లాసు ఉన్నప్పుడు ఏది అడిగినా సరేలే అనేవాడు. వాటిలో ఇదొక్కటే మెడకు చుట్టుకుంది.

అందుకే ఆమె అన్నకు కబురు పెట్టాడు. మధ్యాహ్నం పంటు మీద నది దాటి దొనాత్ దిగాడు. నల్లకోటు, చంకలో అట్ట ఊడిన పాటల పుస్తకం. వెనక ఎవరూ లేరు.

"ఒక్కడివే వచ్చావేంటి బావా? మిగతావాళ్లేరి?"

"మిగతోళ్లా? సగం మంది మట్టిల ఉన్నరు, సగం మంది ఐర్లాండ్ల ఉన్నరు. ఆపొలోనియక్క ఒక్కతి మిగిలిందనుకుంటే కాలు విరిగి దవాఖానల పడ్డది."

"నువ్వొక్కడివే పాడెయ్."

"ఒక్కని తోటి కాదు బావా. రెండు దిక్కుల నిలవడాలె. ఇటోళ్లు ఒక చరణం, అటోళ్లు ఒక చరణం. జవాబు లేకుంటే అది పాటెట్లయితది? ఒర్లుకున్నట్టుంటది."

ఏవాల్డ్ పకపకా నవ్వాడు. "మేం ఇవతల చచ్చినోళ్ల మీద కేకలెయ్యం బాబూ. వాళ్లకి నిద్రాభంగం."

"అవునయ్యా, మీరు బతికున్నోళ్ల మీదనే ఏస్తరు," అన్నాడు దొనాత్. తర్వాత విస్వల్దిస్ వైపు తిరిగాడు. "నువ్వు నిలవడు. ఇంటోడివి. లేకుంటే చెప్పు, పెట్టెను పంటెక్కించుకొని పోత. అక్కడ పాడకున్నా మావోళ్ల నడుమ పండుకుంటది."

విస్వల్దిస్ పుల్ల పారేశాడు. తీసుకుపో అనడం తేలిక. మొదట ఆ మాటే నోటిదాకా వచ్చింది. కానీ తీసుకుపోతే వెనెరాండ ఇన్నేళ్లు ఈ ఇంట్లో పాలు పితికి, బట్టలుతికి, చివరికి చుట్టంలాగే వెళ్లిపోయినట్టవుతుంది. ఆమె బయటిదే అన్న అమ్మ మాటే గెలుస్తుంది.

పోయిన వేసవిలో రోడ్ల ఆఫీసువాళ్లు అతని చేతే రేవు దగ్గర గోధుమరంగు బోర్డు పాతించారు: సేలియా. ఇన్నాళ్లూ ఎవరికీ పట్టని నేలకు పేరు దొరికిందని సాయంత్రం తాగి సంబరపడ్డాడు. "నువ్వెవరో బోర్డు పాతుకుంటే గాని తెల్వలేదా?" అంది వెనెరాండ. "నేను యాడ ఉన్ననో నాకు బోర్డక్కర్లే. మీ అమ్మ దినాం చెప్పేది."

"మీ పాట నాకు రాదు," అని దొనాత్‌తో అన్నాడు.

"చూసి చదువు."

కొట్టులోకి వెళ్లారు. దొనాత్ పెట్టెకు అటువైపు నిలబడ్డాడు, విస్వల్దిస్ ఇటువైపు. మొదటి చరణం దొనాత్ పాడాడు. కొవ్వొత్తి మంట ఊగింది. తర్వాత పుస్తకం పెట్టె మీదుగా ఇవతలికి అందించి, వేలితో చోటు చూపించాడు.

విస్వల్దిస్ పాడలేదు. చదివాడు. రోడ్డు పక్క బోర్డులు చదువుకుంటూ పోయినట్టు, ఎత్తూ దించూ లేకుండా చదివాడు. బయట ఏవాల్డ్ నవ్వడం వినిపించింది. కాసేపటికి ఆ నవ్వు ఆగింది.

పుస్తకం అటు వెళ్లింది, ఇటు వచ్చింది. అన్నీ వెనెరాండ మాటలే, లత్‌గలె మాటలు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఆమె నోరు తెరిస్తే చాలు, "ఇక్కడ అలా అనరు" అని అతనే దిద్దేవాడు. అమ్మ ముందు, పాలకేంద్రం దగ్గర, పక్కింటాళ్ల ముందు. రెండేళ్లకు, ఒళ్లు మండినప్పుడు తప్ప, ఆమె మాట ఇవతలివాళ్ల మాటలాగే అయింది. ఆ తర్వాత పశువుల కొట్టంలో తప్ప గట్టిగా పాడగా అతను వినలేదు.

ఇప్పుడు ప్రతి వరుసలోనూ అతను తప్పు పలుకుతున్నాడు. అతనికే తెలుస్తోంది. దొనాత్ దిద్దుతాడని ప్రతిసారీ తల ఎత్తి చూశాడు. దొనాత్ దిద్దలేదు. కళ్లు మూసుకుని, తన వంతు కోసం ఎదురుచూశాడు.

విస్వల్దిస్ కాళ్లు మొద్దుబారాయి. గుండెలో ఏమన్నా కదులుతుందేమోనని చూసుకున్నాడు. ఏమీ లేదు. చలి ఒక్కటే ఉంది.

"ఇంకా చాలా ఉందా?"

"సగం గూడ కాలే."

ఆమె అల్లిన తొడుగులతో కాగితం తిరగడం లేదు. వాటిని తీసి, జాగా లేక ఆమె కాళ్ల దగ్గర పెట్టి, విస్వల్దిస్ పేజీ తిప్పాడు.