పదకొండూ పదికి నేను లేను

పొద్దున్నే గిన్నెలు తోముతుంటే మా మేనేజరు ఫోన్ చేశాడు. "మన వార్డులో చేరిన పెద్దాయన రికార్డులో ఆయనకు ఏ మందు పడదో రాసి ఉండేదమ్మా, అది చెరిగిపోయింది. నిన్న పదకొండూ పదికి, నీ పేరుతోనే. పొరపాటైందని రాసిచ్చెయ్."

మా ఆసుపత్రి రికార్డులన్నీ ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లో ఉంటాయి. ఇక్కడి నుంచి వాటిని తెరవాలంటే ఎవరి లాగిన్ వాళ్లకుండాలి. అందుకు మేనేజరు ఫారం మీద సంతకం చేయాలి. ఆయనకు రెండేళ్లుగా తీరిక దొరకలేదు కాబట్టి నాతో పనిచేసే ఆరుగురూ నా పాస్‌వర్డ్‌తోనే లోపలికి దూరుతున్నారు. కంప్యూటరు అంచున అది రాసిన చీటీ కూడా అంటించారు. మొదట్లో వద్దన్నాను. "నీదేమైనా అరిగిపోతుందా?" అని నవ్వారు. నేనూ నవ్వాను, అదీ నా తెలివి.

నిన్న పదకొండూ పదికి నేను కళ్ల డాక్టరు గది బయట, అత్తయ్యగారి చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సెలవు నేనే ఎందుకు పెట్టాలని అడిగితే, నువ్వు లేకపోయినా నీ ఆఫీసు నడుస్తుందిగా అన్నారు మా ఆయన. నిజమే, నేను లేకుండానే నా పేరుతో భేషుగ్గా నడిచింది.

ఈ సంగతి చెబితే ఆయన ఫోన్‌లోంచి తలెత్తలేదు. అది నా ఫోనే. రోజూ టిఫిన్ తింటూ నా మెసేజీలు చదువుతారు. భార్యాభర్తల మధ్య దాపరికాలేంటంటారు. ఆయన ఫోన్ తాళం మాత్రం ఈ పదకొండేళ్లలో నాకు తెలియదు. అందులో ముఖ్యమైన పనులుంటాయట.

"రాసిచ్చెయ్. గొడవెందుకు?" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. ఆ మందు ఎవరైనా ఎక్కించి ఉంటే పెద్దాయన ప్రాణం నా పేరు మీద పోయేది. నాకు ఉద్యోగం కూడా మిగిలేది కాదు.

ఆఫీసుకు వెళ్లగానే పాత ఫైలు చూసి ఆ మందు పేరు రికార్డులో మళ్లీ రాశాను. చీటీ పీకేశాను. పాస్‌వర్డ్ మార్చాను. క్షమాపణకు బదులు, నా సెలవు కాగితం జతచేసి జరిగిందంతా పై ఆఫీసుకు రాసి పంపాను. తర్వాత ఆరు ఫారాలు తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టాను.

"ఇంతమాత్రానికి పైదాకా వెళ్లాలా? పని ఆగిపోయింది, ముందు కొత్త పాస్‌వర్డ్ చెప్పమ్మా," అన్నాడు.

నేను పెన్ను అందించాను. ఆరు సంతకాలకు నాలుగు నిమిషాలు పట్టింది.

మర్నాడు టిఫిన్ దగ్గర మా ఆయన నా ఫోన్‌ను రెండుసార్లు నొక్కి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ నొక్కారు.

"ఇదేంటి, తెరుచుకోవట్లేదు?"

"నాకు తెరుచుకుంటోందండీ," అన్నాను.